వినుట నేర్చిన చెవి
(మన సంఘ వార్షిక మహాసభయందు రెండవనాడు చేసిన యుపన్యాస పాఠము)



నిన్నటినుండి ఈ పందిరియందు విద్యను గుఱించియు, వసతిగృహమును గుఱించియు, వివాహవ్యయములను తగ్గించుకొనుటను గుఱించియు పెద్దలు పలికిన విలువగల మాటలు వింటిని. వారి పిమ్మట నిలిచి, చలనచిత్రములకును టెలివిజనునకును శబ్దమును కూర్చు విద్యను గుఱించి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఇది ఈ సభకు తగిన విషయమగునా యని నేనే సంకోచించితిని. ఉదయము భోజనశాలకడ ఒక పెద్దమనిషి నన్ను చూచి, "మా పిల్లవాండ్రకు సినిమా పిచ్చి చాలదని నీవు కూడ వచ్చితివా, నాయనా?" అని నవ్వుచు నడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. నా మాటలన్నియు ఆయనకు సమాధానములని తలంపుడు.

నాయీబ్రాహ్మణులకు పరంపరగా మూడు వృత్తులు సంక్రమించినవి: క్షౌరము, వైద్యము, మంగళవాద్యము. మొదటి రెండింటిని గుఱించి చెప్ప నాకధికారము లేదు. మూడవదానియందు పుట్టితిని. మా తండ్రిగారు సన్నాయి, మా పెదనాన్నగారు డోలు. ఆఱవయేట నా చేతికి మొదట వచ్చినది సన్నాయి గాదు, ఒత్తు. మేళము వెనుక కూర్చుండి, ఒక్కటే స్వరమును, బుగ్గలు నొచ్చునంతవఱకు, తెగకుండ ఊదుచుండవలయును. శ్రుతి పట్టు పిల్లవానిని పెండ్లిలో ఎవరును చూడరు. వాడు ఆపినప్పుడు మాత్రము పందిరిలోని వారందఱును తల త్రిప్పి చూతురు. రెండేండ్లు అట్లు ఊదితిని. శబ్దవిద్యలో నాకు లభించిన మొదటి పాఠమదియే యని చాలకాలమునకు గాని తెలియలేదు.

ఇక గట్టిమేళము సంగతి. మాంగల్యధారణ సమయమున పురోహితుడు చేయి యెత్తగానే గట్టిమేళము మ్రోగును. ఆ క్షణమున తుమ్ముగాని, ఏడుపుగాని, అశుభవాక్యముగాని ఎవరి చెవినిబడరాదని పెద్దలు చెప్పుదురు. ఆచారవిషయమును ప్రక్కనుంచి ఇందలి శాస్త్రమును చూడుడు. బిగ్గరయైన శబ్దము, తన స్థాయికి సమీపమున నున్న చిన్న శబ్దమును కప్పివేయును. దీనిని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు మాస్కింగు అందురు. కేవలము బిగ్గరగా నుండుట చాలదు. కప్పవలసిన శబ్దమునకును కప్పు శబ్దమునకును స్థాయి కలియవలయును. పై స్థాయిలోని తుమ్మును, కేకను సన్నాయి కప్పును. క్రింది స్థాయిలోని మ్రోతను డోలు కప్పును. రెండును కలిసినగాని కప్పు పూర్తిగాదు. మన పూర్వులు గ్రంథములు చదువకయే ఈ సంగతి యెఱిగి మేళమును కూర్చిరి. నేడు మిశ్రమశాలలో కూర్చున్నవాడు పగలంతయు చేయు పని దీనికి సరిగా వ్యతిరేకమైనది. ఏ శబ్దము దేనిని కప్పుచున్నదో కనిపెట్టి, ఆ కప్పును తొలగించుటయే వాని పని. కప్పుట తెలిసినవాని బిడ్డకు తొలగించుట నేర్పుట కష్టమా?

ఈ పని యెట్టిదో ఎఱుగనివారు మనలో పెక్కుమంది యుందురు గనుక ఒక చిన్న ఘట్టమును తీసికొందము. పాత పెంకుటిల్లు. బయట వాన. తల్లి కొడుకునకు అన్నము వడ్డించుచున్నది. కొడుకు తల యెత్తక, "రేపు పోవుచున్నానమ్మా" అనును. తల్లి చేతి గాజులు ఒక్కసారి ఆగును. తెరమీద ఇది అరనిమిషము. ఇందు మీరు వినునదంతయు ఆ యింట చిత్రము తీసిననాడే పట్టుకొన్నదని తలంచెదరు గాబోలు. కాదు. తెరపై కురిసిన వాన గొట్టములతో కురిపించినది. దానితోడి యంత్రపు రొద యంతయు మైకులో పడియుండును. కావున ఆనాటి వాన చప్పుడు పనికిరాదు. పెంకులమీద పడు వాన వేఱుగను, వాకిట మట్టిలో పడు వాన వేఱుగను, చూరునుండి ఇత్తడి బిందెలో జాఱు చుక్కలు వేఱుగను మఱియొకనాడు పట్టి తెచ్చి కూర్చవలయును. నేటికిని పెక్కు తెలుగు చిత్రములందు మాటలు తరువాత డబ్బింగు గదిలో చెప్పించుచున్నారు. అప్పుడు అసలు శబ్దముతోపాటు అడుగుల చప్పుడును, గాజుల చప్పుడును, పీట జరిపిన చప్పుడును పోవును. వానినన్నిటిని ఒక మనుష్యుడు తెరను చూచుచు, అడుగునకు అడుగు వేయుచు, గాజులు కదల్చుచు మరల పుట్టించును. ఈ పనికి ఫోలీ యని పేరు. అమెరికాలోని యూనివర్సల్ స్టూడియోలో ఈ విద్యకు దారితీసిన జాక్ ఫోలీ పేర అది నిలిచిపోయినది.

గాజులు ఆగుట యొక్కటి చాలును, తల్లి గుండె ఆగినట్లు తోచుటకు. కాని అది వినబడవలెనన్న, ఆ క్షణమున వానను కొంచెము వెనుకకు నెట్టవలయును, ఎవరికిని తెలియకుండ. సంగీతము అప్పుడే ప్రారంభము గారాదు. గాజుల చప్పుడు అంతకు ముందంతయు వినబడుచుండవలయును. వినబడనిది ఆగినను తెలియదు గదా! ఇట్లు ఏది వినిపింపవలెను, ఏది మానవలెను, ఎప్పుడు మానవలెను అని ముందుగా ఆలోచించి కూర్చుటను సౌండ్ డిజైను అనియు, కూర్చినవానిని తగిన పాళ్లలో కలుపుటను మిక్సింగు అనియు వ్యవహరించుచున్నారు. పాత తెలుగు చిత్రముల నామావళిలో 'శబ్దగ్రహణము' అని యొక పేరు వచ్చి పోవుట మీరు చూచియుందురు. నాడు ఒకరిద్దఱు చేసినదానిని నేడు పదిమంది పంచుకొని చేయుచున్నారు.

మనదేశమున మాటలాడు చిత్రము మొదట 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ప్రదర్శితమైనది. అది అర్దేషిర్ ఇరానీగారి 'ఆలం ఆరా'. వారి స్టూడియో ప్రక్కనే రైలుమార్గముండుటచే, బండ్లు నిలిచిన పిమ్మట, రాత్రి ఒంటిగంటకును నాలుగుగంటలకును నడుమ చిత్రము తీసిరి. మైకులను నటుల చుట్టుపట్ల దాచియుంచిరి. ఆ చిత్రమున ఇరానీగారికి తోడుగా పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే పిదప తెలుగువారి మొదటి టాకీయగు 'భక్తప్రహ్లాద'ను తీసిరి. నిశ్శబ్దమును సంపాదించుటకు రాత్రులు మేల్కొనుటతో మొదలైన విద్య యిది. 1977లో 'స్టార్ వార్స్' చిత్రమునకు బెన్ బర్ట్ అనునాతడు, లోకములో లేని వెలుగుకత్తికి ధ్వని కావలసివచ్చినప్పుడు, పాత ప్రొజెక్టరు మోటారు హోరును, టెలివిజను గొట్టము దగ్గఱ మైకు పట్టగా పుట్టిన రొదను కలిపి కల్పించెను. తుపాకికై రేడియో స్తంభపు బిగుతు తీగను సుత్తితో కొట్టెను. 1979లో 'అపోకలిప్స్ నౌ' చిత్రమున వాల్టర్ మర్చ్ చేసిన పనికి సౌండ్ డిజైనను మాట నామావళికెక్కెను. వీరిలో నెవరును విలువగల యంత్రములవలన ఘనులు కాలేదు. మోటారు హోరు అందఱును వినుచునే యుండిరి. అందులో కత్తిని విన్నది ఒక్కడు.

కావున ఈ విద్య నేర్వగోరు పిల్లవాడు మొదట నేర్వవలసినది వినుట. నాయొద్దకు వచ్చు శిష్యులకు నేను తొలినెల కంప్యూటరు ముట్టనీయను. ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళ పదినిమిషములు కూర్చుండి వినిన శబ్దములన్నియు వ్రాయుమందును. మొదటిదినము పది వ్రాయుదురు. ఇరువదవదినము నలువది వ్రాయుదురు. చోటు మాఱలేదు, చెవి మాఱినది. పిమ్మట ఒకే వాక్యమును మైకునుండి జానెడు దూరమున, మూడడుగుల దూరమున, పదియడుగుల దూరమున పలికించి ముద్రింపుమందును. జానెడు దూరపు మాట చెవిలో చెప్పినట్లుండును; పదియడుగుల మాటలో మనుష్యునికంటె గది యెక్కువగా వినబడును. దూరమును చెవితో కొలుచుట వచ్చినవాడు డబ్బింగు గదిలో పలికిన మాటను తెరమీది మనుష్యుని నోటికి అతికింపగలడు. రానివాడు అతికించిన మాట గాలిలో తేలుచుండును.

ఆ తరువాత గది. నేను శ్రుతి సంగతి చెప్పితిని గదా. ప్రతి గదికిని తనదైన శ్రుతి యొకటి కలదు. ఎవరును మాటలాడనప్పుడు కూడ గది యూరకుండదు. గాలియు, పంఖాయు, దూరపు వీథియు కలిసి సన్నని ధ్వని యొకటి నిలిచియుండును. చిత్రము తీసిన చోట అందఱను కదలక నిలువుమని చెప్పి ఈ గదిధ్వనిని ఒక నిమిషమైనను ముద్రించుకొనవలయును. ఆ నిమిషము నిలుచుటకు తీఱిక లేదని విసుగుకొను దర్శకులు లేకపోలేదు. కాని మాటకును మాటకును నడుమ కత్తిరించినచోట ఆ ధ్వనిని పఱవకున్న, శ్రుతి ఆగిన పెండ్లివలె ప్రేక్షకుడు ఉలికిపడును. కారణము చెప్పలేడు. బొమ్మ బాగుండలేదని పోవును.

లెక్కలు కొన్ని తప్పవు. మనుష్యుని చెవికి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వఱకు వినబడును. మన తెలుగు అజంతభాష. మాటలోని బలము అచ్చులలో నుండును, అవి క్రింది స్థాయిలో మ్రోగును. కాని 'త'కును 'ప'కును, 'స'కును 'శ'కును భేదము తెలుపునది హల్లు. దాని స్ఫుటత్వమంతయు ఇంచుమించు 2,000 మొదలు 8,000 కంపనముల నడుమ నిలిచియుండును. బలము ఒకచోట, అర్థము మఱియొకచోట. శబ్దమును హెచ్చించినంతమాత్రమున మాట తెలియకపోవుటకు ఇదియే కారణము. ఇంకొకటి: శబ్దము గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. చలనచిత్రమున సెకనుకు 24 బొమ్మలు. అనగా ఒక బొమ్మ నిలిచినంతలో శబ్దము 14 మీటర్లు మాత్రమే నడచును. 28 మీటర్ల పొడవుగల హాలున కడపటి వరుసలోనివానికి పెదవి కదలిన రెండు బొమ్మల పిమ్మట మాట చేరును. డోలుపై తాళము వేయువాడు ఇంతకంటె సన్నని తప్పును పట్టును. మా పెదనాన్నగారు టెలివిజను చూచుచు, "వాడి నోరు ముందు, మాట వెనుక" అని గొణుగుకొనుట నాకు బాగుగా జ్ఞాపకము. ఇంటిలో మఱెవరికిని తెలియలేదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పవలయును.

ఈ పనిలో చేరిన తొలియేండ్లలో ఒక టెలివిజను ధారావాహికకు సహాయకుడుగా నుంటిని. అందు పెండ్లిఘట్టమొకటి వచ్చెను. సన్నాయి కావలెననిరి. మా తండ్రిగారిని పిలిపించితిని. ఆయన స్టూడియో గదిలో, కుర్చీ వలదని నేలపై కూర్చుండి, ముప్పావుగంట వాయించిరి. ఆ నాదమును హెడ్‌ఫోనులలో వినుచున్న నాకు గర్వముచే కన్నులు చెమర్చినవి. ఆ గర్వమే నన్ను చెఱిచినది. మిశ్రమము చేయునప్పుడు సన్నాయిని తగ్గింప నాకు చేయి రాలేదు. ఆ ఘట్టమున పెండ్లికూతురి తల్లి వియ్యపురాలితో ఒకే యొక మాట చెప్పును. కథయంతయు ఆ మాటమీద నాధారపడియున్నది. పెద్ద స్పీకరులలో నాకది స్పష్టముగానే వినబడెను, ఏలనగా ఆ మాట నాకు ముందే తెలియును. ప్రసారమైననాడు మా ఊరిలో, చిన్న పెట్టెయందు, వీథి చప్పుళ్లనడుమ మా తండ్రిగారు చూచిరి. మఱునాడు ఫోనులో ఆయన మెచ్చుకొందురని యెదురుచూచితిని. ఆయన అడిగినది ఇది: "పురోహితుడు మంత్రము చెప్పుచుండగా మేళము ఆపవలెనని నీకు ఏడవయేటనే నేర్పితిని గదరా?"

మఱల మఱల తలచుకొన్నకొలది, ఆ ప్రశ్నలో విద్యయంతయు నున్నట్లు తోచినది. పునఃప్రసారమునకు ఆ ఘట్టమును మరల కలుపు నవకాశము దొరికెను. సన్నాయినంతయు ఒక్కపెట్టున తగ్గింపలేదు. మాట యున్నంతసేపు, హల్లులు నిలుచు ఆ 2,000 మొదలు 4,000 కంపనముల భాగమున మాత్రము ఈక్వలైజరుతో సన్నాయిని కొంత తొలిచితిని. మొత్తముమీద మూడు నాలుగు డెసిబెలులు తగ్గించితిని. సంగతి యొకటి మాట నడుమ మొదలగుచుండగా దానిని కొంచెము జరిపి, మాట ముగిసిన విరామమున మొదలగునట్లు చేసితిని. మంత్రము ముగియగనే సన్నాయి అందుకొనుట మన మేళములో నిత్యము జరుగునదే గదా! ఈసారి మాట వినబడెను. సన్నాయి తగ్గినదని ఎవరికిని తోచలేదు.

చిన్న పెట్టె సంగతి వచ్చినది గనుక ఒక మాట. సినిమాహాలు మిశ్రమమును ఇంటికి అట్లే పంపరాదు. హాలులో పని చేయునప్పుడు తెర వెనుక స్పీకరు ఒక్కొక్కదానిని 85 డెసిబెలుల మట్టమునకు సరిచూచుకొని కలుపుదురు. ఇంటిలో దానిలో ఎన్నవవంతో! 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చూపినట్లు, శబ్దము తగ్గినకొలది మన చెవి క్రింది స్థాయిని ఎక్కువగా పోగొట్టుకొనును. హాలులో గుండెను తట్టిన డోలు ఇంటిలో పలకవలె మ్రోగును. ఇంతేగాక ప్రకటన రాగానే చెవులు పగులుట, నాటకము రాగానే ఏమియు వినబడకుండుట అందఱు నెఱిగిన బాధయే. దానికై ఐరోపాలో సగటు బిగ్గరదనమునకు −23 అనియు, అమెరికాలో −24 అనియు మట్టములు నిర్ణయించిరి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ సంభాషణల సగటు −27 ఉండవలెనని నియమము పెట్టినది. ఆ కొలత తప్పిన మిశ్రమమును త్రిప్పి పంపుదురు. ఇంకొక చిక్కు కలదు. తెలుగుచిత్రము తమిళమునకో హిందీకో పోవలెనన్న, మాటలు లేక సంగీతమును తక్కిన శబ్దములును మాత్రమే గల ప్రతి యొకటి వేఱుగ సిద్ధము చేయవలయును. అందు అడుగుల చప్పుడు మాటలతోపాటు పోయినయెడల, తమిళ కథానాయకుడు దయ్యమువలె చప్పుడు లేక నడచును. ఇక 2012లో వచ్చిన డాల్బీ ఆట్మాస్ పద్ధతియందు 128 వఱకు వేర్వేఱు ధ్వనులను, తలపైని స్పీకరులతో సహా, హాలులో ఎచ్చటనైన నిలుపవచ్చును. అది వచ్చినదని పిల్లలు దానివెంట పరుగెత్తుచున్నారు. 128 కంటె ముందు ఒక్కమాటను ఒక్క స్పీకరులో తెలియునట్లు వినిపించుట నేర్వుమని నేను చెప్పుచుందును.

ఎచ్చట నేర్వవలెనని తల్లిదండ్రులు అడుగుదురు. పూనాలో 1960లో నెలకొన్న ప్రభుత్వ ఫిలిం విద్యాలయమునందును, కలకత్తాలో 1995లో ఏర్పడిన సత్యజిత్ రాయ్ విద్యాలయమునందును ఈ విద్యకు మూడేండ్ల పాఠక్రమము కలదు. పట్టభద్రులై యుండవలయును, ప్రవేశపరీక్ష కలదు. మద్రాసు తరమణియందును ప్రభుత్వ విద్యాలయ మున్నది. కేరళమున ఒక పల్లెయందు పుట్టి, పూనాలో చదివిన రసూల్ పూకుట్టిగారు 'స్లమ్‌డాగ్ మిల్యనేర్' చిత్రపు శబ్దమిశ్రమమునకై 2009లో ఆస్కారు బహుమానమును మఱి యిద్దఱితో కలిసి గ్రహించిరి. నగరములలో ఆఱునెలలలో సౌండ్ ఇంజనీరును చేసెదమని లక్షలు గైకొను పాఠశాలలు వీథివీథిని వెలసినవి. అన్నియు చెడ్డవనను; కాని సొమ్ము కట్టకముందు ఒక్క ప్రశ్న అడుగుడు: "మా పిల్లవాడు వారమునకు ఎన్నిగంటలు తానే స్వయముగా పరికరములను పట్టి పనిచేయును?" సరియైన జవాబు రానిచో వెనుదిరుగుడు. విద్యాలయమునకు పోలేనివాడు నిరాశపడ నక్కఱలేదు. డావించీ రిజాల్వు అను సాధనము యొక్క ఉచితప్రతిలోనే ఫెయిర్‌లైటు అను శబ్దవిభాగము చేరియున్నది. రీపరు అనునది స్వల్పవ్యయముతో లభించును. చేతిలో పట్టు చిన్న రికార్డరు, నమ్మదగిన హెడ్‌ఫోను, పాత కంప్యూటరు ఉన్న ఆరంభమునకు చాలును.

ఇందలి కష్టములను దాచి మిమ్ము మోసగింపను. పని రాత్రులందు వచ్చును. విడుదలకు ముందువారము నిద్ర యుండదు. నెలజీతము కొందఱికే; తక్కినవారికి చిత్రము లెక్కన, అదియు ఆలస్యముగ. ప్రేక్షకుడు మీ పేరు వచ్చువేళకు లేచి పోవుచుండును. ఇక చెవి. మనకు మూలధనమదియే. 85 డెసిబెలుల శబ్దమున దినమునకు ఎనిమిదిగంటలకు మించి యుండరాదని వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మూడు డెసిబెలులు పెరిగినకొలది కాలము సగమగును. 100 వద్ద పదునైదు నిమిషములు మాత్రమే. మన పెండ్లిండ్లలో మేళమును వెడలగొట్టి నిలిపిన ఆ నల్లని పెట్టెలముందు మన పిల్లలు గంటలకొలది గంతులు వేయుట చూచినప్పుడు నాకు కలుగు దుఃఖము సంగీతముకొఱకు మాత్రమే కాదు. పోయిన చెవి మరల రాదు.

ఆడపిల్లలను గుఱించి యడిగిరి. ఓపికగా విని, సన్నని తేడాను పట్టి, గంటలకొలది సంభాషణలను శుభ్రముచేయు పనియందు నాయొద్ద నేర్చినవారిలో మిన్నయైన యిద్దఱును ఆడపిల్లలే. రాత్రివేళ ఇల్లు చేర్చు ఏర్పాటును పనిచేయించువాడు చూడవలయును. ఆ మాటను ముందే అడిగి పుచ్చుకొనవలయును.

మా విద్యానిధి సంఘములో ఈ విషయము వచ్చినప్పుడు ఒక సభ్యులు, నిధి చిన్నది, ఇంజనీరింగుకును ప్రభుత్వపరీక్షలకునే చాలుటలేదు, ఇట్టి నిలుకడలేని వృత్తికి ఏల వెచ్చింపవలెనని వాదించిరి. వారి లెక్క తప్పని నేననను. నేను కోరునది మొత్తము నిధిని గాదు, సంవత్సరమునకు ఇద్దఱికి మాత్రమే సాయము. అదియు ఊరక గాదు. ఆ యిద్దఱును తమ మొదటి సంవత్సరమున ఒక పని చేయవలెనని నియమము పెట్టుడు: మన ఊళ్లలో మిగిలియున్న పెద్దల సన్నాయిని, డోలును, వారి యిండ్లయందే, ఆరుబయట, తగిన దూరమున మైకుంచి, నెమ్మదిగా ముద్రింపవలయును. ఆ వాద్యములు గదులకొఱకు పుట్టినవి గావు. గోడల నడుమ వాని నాదము తనపై తానే పడి చెదరును. ఆరుబయట దాని నిజస్వరూపము తెలియును. ఏ రాగము, ఏ సందర్భమున, ఎవరియొద్ద నేర్చినది అనుదానిని వారినోటనే పలికించి చేర్చవలయును. విద్యార్థికి అంతకుమించిన అభ్యాసము దొరకదు.

నేనిట్లు కోరుటకు కారణము కలదు. మా తండ్రిగారు గతించి తొమ్మిదేండ్లయినది. ఆనాడు స్టూడియోలో ఆయన వాయించిన ముప్పావుగంటను విడిగా భద్రపఱచవలెనను బుద్ధి నాకు లేకపోయెను. పని ముగిసిన పిమ్మట, చోటు చాలదని ఆ డిస్కును తుడిచి మఱియొక ధారావాహికకు వాడితిమి. తుడిచిన చేయి నాదే. ఆయన నాదము నేడు లోకమున మిగిలినది ఆ పెండ్లిఘట్టమున మాత్రమే, రెండు నిమిషముల కొంచెము పైన, పెండ్లికూతురి తల్లి మాట క్రింద. తొలిచిన ఆ భాగమును మరల నింపుటకు ఏ యంత్రమునకును శక్తి లేదు.

తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. రేపటి సభలో దానిని చర్చింపగోరుచున్నాను. ఈ పందిరి తూర్పు స్తంభమునకు కట్టిన చిన్న రికార్డరు ఉదయమునుండి పనిచేయుచున్నది. సాయంకాలము నాలుగుగంటలకు గోదావరి తీరమునుండి వచ్చిన మన పెద్దల మేళము జరుగును. వారి యనుమతి పుచ్చుకొంటిని. వినగోరు బాలబాలికలు పదినిమిషములు ముందుగా ఆ స్తంభముకడకు రావచ్చును. హెడ్‌ఫోనులు నాలుగున్నవి, వంతులు వేసికొనవలయును. గాజులును, చెప్పులును తీసి రండు, చప్పుడగును.